అలిగినోళ్ళ దిన్నె

మా పెదనాయన కొడుకు రామాంజి నాకు ఫోన్ చేసేది రెండు సందర్భాల్లోనే. ఎవరైనా పోయినప్పుడు, లేకపోతే ఏదైనా జరిగిపోయిన తర్వాత. వాళ్ళింట్లో పెళ్ళికి పిలుపు నాకు ముందురోజు సాయంత్రం వస్తుంది. గృహప్రవేశం సంగతి పాలు పొంగి చల్లారిన తర్వాత తెలుస్తుంది. ఈసారీ అంతే. ఏటి నడుమ ఉన్న దిన్నె మీద ఊరి కుర్రవాళ్ళు సిమెంటు బెంచీలు వేయించారని, బోర్డు నాటించారని, సోలార్ పార్కు చూడటానికి వచ్చే జనం ఇప్పుడు అక్కడ కూడా ఆగి ఫోటోలు తీసుకుంటున్నారని సంతోషంగా చెప్పి, ఒక ఫోటో పంపించాడు. పచ్చరంగు రేకు మీద మా వైపు బోర్డులన్నింటిలాగే తెల్లటి కన్నడ అక్షరాలు. 'శాంతి దిన్నె'. బోర్డు పక్కన మెడలో దండతో రామాంజి. నేను వెంటనే ఫోన్ చేసి, పేరు మార్చమని నీకు ఎవరు చెప్పారని అడిగాను. "పాత పేరూ ఒక పేరేనా సరోజా? వచ్చినోళ్ళు నగుతారు," అన్నాడు.

నగితే నగనీ. ఆ పేరు విని నగేవాళ్ళు నా చిన్నప్పుడూ ఉన్నారు. పావగడలో హైస్కూల్లో చేరినప్పుడు, మా ఊరు ఎక్కడని ఒక మాస్టారు అడిగితే, అలిగినోళ్ళ దిన్నె దగ్గర అని చెప్పాను. ఆయన క్లాసు మొత్తానికీ వినిపించేలా ఆ పేరు మళ్ళీ పలికి, ఈ పిల్లతో జాగ్రత్తగా ఉండండి, అలుగుతుంది అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ నవ్వు మాత్రం నాకు ఇంకా వినబడుతుంది. నేను ఏదీ మరిచిపోనని మా బంధువుల్లో నాకు పేరుంది. ఆ పేరును నేనెప్పుడూ కాదనలేదు.

దిన్నె అంటే మట్టిదిబ్బ అనుకుంటారేమో. కాదు. ఉత్తర పినాకిని మా ఊరి దగ్గరికి వచ్చేసరికి వెడల్పుగా పరుచుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. ఆ ఇసుక నడుమ, ఎవరో బండి బోర్లించినట్టు, ఇంత ఇంత రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఊరివైపు అంచు అంతా నిలువు రాయి, కత్తితో నరికినట్టు పదునుగా, అక్కడక్కడ నోళ్ళు తెరిచిన నెర్రెలతో ఉంటుంది. ఆ నెర్రెల్లో ఈత మొక్కలు, ఉడుములు. అవతలివైపు మాత్రం కాస్త వాలు. ఏరు వచ్చినప్పుడు నీళ్ళు రెండుగా చీలి దాన్ని చుట్టుకొని పోతాయి. అప్పుడు అది నిజంగానే ద్వీపం. ఊరివైపు రాళ్ళకు కొట్టుకున్న నీళ్ళ చప్పుడు మా ఇంటి అరుగు మీదికి వినిపించేది. సముద్రం నేను ఉద్యోగంలో చేరిన తర్వాతే చూశాను. చూసి, ఓహో, ఇది మా దిన్నె చప్పుడే కదా అనుకున్నాను.

మా ఊళ్ళో ఎవరికైనా అన్యాయం జరిగితే, చెప్పుకునే చోటు అదే. పంచాయతీ పెట్టేవాళ్ళు కాదు, తిట్టుకునేవాళ్ళు కాదు. అలిగిన మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా పోయి ఆ రాళ్ళ మీద ఊరివైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. అంతే, ఊరికి తెలిసిపోయేది. తప్పు ఎవరిదో వాళ్ళు సంగటి ముద్ద కట్టుకొని, ఏరు దాటి పోయి, తమ చేత్తో పెట్టి, తామూ అదే మూకుట్లో తినాలి. దాంతో అలక తీరినట్టు. ఇంకెవరూ అక్కడికి అన్నం తీసుకుపోకూడదు. ఎవరు మొదట తెస్తే తప్పు వాళ్ళదని లెక్క. అలిగిన మనిషి దిన్నె మీద ఉన్నంతసేపు ఊళ్ళో ఎవరూ మడక కట్టి దున్నకూడదు, విత్తనం వేయకూడదు. అందుకే తప్పు చేసినవాడు ఎంత మొండివాడైనా ఎక్కువసేపు ఇంట్లో బిగుసుకొని కూర్చోలేకపోయేవాడు. చుట్టుపక్కల వాళ్ళ పని ఆగిపోతే వాళ్ళే అతని వీపు తట్టి దిన్నెకు పంపించేవాళ్ళు.

అన్నీ పెద్ద తగాదాలే అని కాదు. సంగటిలో ఉండలు కట్టాయని పెళ్ళాం మీద అలిగి పోయి కూర్చున్న ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య నడుము మీద చేతులు పెట్టుకొని ఏటి ఒడ్డున నిలబడి, ఉండలు లేని సంగటి కావాలంటే వచ్చే జన్మలో ఇంకొకదాన్ని చేసుకోమని అరిచేది. అయినా మధ్యాహ్నానికి ముద్ద కట్టుకొని పోయేది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మాటే, ఈరోజు దిన్నె మీద ఎవరుండారు అని. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు అత్తలు వంటిల్లు చూపించి, పశువుల కొట్టం చూపించి, చివరికి వేలెత్తి దిన్నెను కూడా చూపించేవాళ్ళు.

మాది ఉమ్మడి కుటుంబం. పెదనాయన, పెద్దమ్మ, మా నాయన, అమ్మ, అవ్వ, మేం పిల్లలం. తెల్లవారకముందే పెద్దమ్మ పేడనీళ్ళు చల్లేది. ఆ వాసన, కుంపట్లో పిడకల పొగ, తిరగలి దగ్గర రాగిపిండి వాసన కలిసి ఒక్కటిగా ఉండేవి. ఊరిబిండి నూరేది మా అమ్మ. వేయించిన శనక్కాయలు, మిరపకాయలు, చింతపండు రోట్లో పడితే వీధి మొగదలకు తెలిసేది. అవ్వ చెవులు వినిపించకపోయినా ఆ వాసనకు లేచి కూర్చునేది. పెదనాయన గట్టిగా మాట్లాడేవాడు కాదు. తుండుగుడ్డ భుజం మీద సర్దుకొని, ఎదుటివాడి ముఖం చూడకుండా, ఒక్కొక్క మాట అంటించినట్టు అనేవాడు. ఆయన అన్న మాట మళ్ళీ వెనక్కి తీసుకున్నది మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మా నాయన ఆయనకు ఎదురు నిలబడి మాట్లాడింది కూడా ఎవరూ చూడలేదు.

మా ఇంట్లో విత్తనం వేసే చెయ్యి మా అమ్మది. వాన పడి పదును కుదిరినప్పుడు, మొదటి చాలులో మొదటి గింజ వేసేది ఆమే. మడక ముందు నడుస్తుంటే, ఆమె కొంగు నడుముకు బిగించి, ఒడినిండా శనక్కాయ విత్తనం పోసుకొని, చాలు వెంట వంగి ఒక్కొక్క గింజ జారవిడుస్తూ నడిచేది. ఆమె వేసిన చాలు మొలిచినప్పుడు, దారం పట్టి గీసినట్టు ఉండేది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఆమె వెనక నడిచి ఆమె అడుగుల్లో అడుగులు వేసేవాళ్ళు. నేను బడి లేని రోజుల్లో గట్టు మీద కూర్చొని చూసేదాన్ని. ఆ చేనికి ఒక మూల నల్లగుండు, ఇంకొక మూల చింతచెట్టు, నడుమ దిగుడుబావి. ఆ మూడూ కళ్ళు మూసుకొని కూడా చెప్పగలను. చెప్పగలను అనుకునేదాన్ని.

నా తర్వాత మా అమ్మకు ఒక మగబిడ్డ పుట్టి, ఉయ్యాల్లో వేసే లోపలే పోయాడు. ఆ ఏడు చేను కూడా మధ్యమధ్యలో మొలవలేదు. విత్తనం పాతదని అందరికీ తెలుసు. మరుసటి ఏడు వాన పడింది. అందరూ చేనికి పోయారు. మా అమ్మ కొంగు బిగించి ఒడి పట్టింది. గంపలో నుంచి విత్తనం పోయాల్సిన పెదనాయన పోయలేదు. కూలివాళ్ళు, మడకలు తోలేవాళ్ళు అందరూ చూస్తుండగా, అప్పటికే అవ్వ ఆమె ఒడిలో పోసిన రెండు చారెళ్ళ గింజలను తిరిగి గంపలోకి వంచమన్నాడు. "ఒడి నిలవనిదాని ఒడిలో పోస్తే చేను నిలుస్తాదా?" అన్నాడు. అదే గొంతుతో, ఎవరి ముఖమూ చూడకుండా. ఆ విత్తనం పెద్దమ్మ ఒడిలో పోశాడు.

నేను గట్టు మీదే ఉన్నాను. ఆ ఒడిలో నుంచి వచ్చి, పలక పట్టుకొని బడికి పోతున్నదాన్ని. నన్ను ఆయన లెక్కలోకే తీసుకోలేదు. మా అమ్మకు జరిగిన అవమానం అందరికీ తెలుసు. నాకు జరిగింది ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మ కొంగు విప్పి దులిపింది. ఒక గింజ కూడా మిగలకుండా చూసుకొని, చేనికి అడ్డంబడి ఏటివైపు నడిచింది. కాసేపటికి ఆమె దిన్నె మీద కనిపించింది. మడకలు తోలేవాళ్ళు ఎడ్లను విప్పేశారు. పెదనాయన కూలివాళ్ళను గదమాయించాడు గానీ ఎవరూ లేవలేదు. ఒక ముసలామె మాత్రం, దిన్నె మీద మనిషి ఉండగా విత్తనం వేస్తే మా ఒడులు కూడా నిలవవప్పా అని చింతచెట్టు కింద కూర్చుండిపోయింది.

ఆ పొద్దు గడిచింది. ఊరి ఆడవాళ్ళు కొందరు ఏటి ఒడ్డున కంబళ్ళు పరుచుకొని ఆమెకు కాపలా పడుకున్నారు. పలకరించలేదు, పలకరించకూడదు. తెల్లారింది. ఎండ మొదలయ్యింది. పదును ఆరిపోతోంది. ఊళ్ళో మిగతా రైతులు ఒక్కొక్కరే మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. ఎవరూ గొడవ చేయలేదు, ఊరికే నిలబడ్డారు. అవ్వ పెదనాయన ముందు కూర్చొని, పోరా, ఒక ముద్ద పెట్టి రా, నీ గొప్పేమీ తరగదు అని బతిమాలింది. చివరికి ఆయన లేచాడు. పెద్దమ్మను సంగటి చెయ్యమని, నీళ్ళు తోడమని చెప్పాడు. స్నానం చేసి తనే పోతానన్నాడు. అది నేను నా చెవులతో విన్నాను. పెద్దమ్మ సంగటి కెలికి, ముద్ద చేసి, మూకుట్లో పెట్టి, పైన ఊరిబిండి వేసి, గుడ్డ కట్టి పొయ్యిగట్టు మీద పెట్టింది. ఆయన పెరట్లో తల తుడుచుకుంటున్నాడు.

అప్పుడు వెనక తలుపు నుంచి మా నాయన వచ్చాడు. ఆయన పొద్దున్నుంచి ఏటి ఒడ్డునే ఉన్నాడు. ముఖం నల్లగా మాడిపోయి ఉంది. పైన ఎక్కడో వాన పడి ఏట్లో సన్నగా నీళ్ళు కదులుతున్నాయని, ఆమె నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. పొయ్యిగట్టు మీది మూట చూశాడు. తీసుకున్నాడు. పెద్దమ్మ అక్కడే ఉంది. ఆ మూట ఎవరు మోయడానికి కట్టిందో ఆమెకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు, ఆగయ్యా, మీ అన్న పోతాడు అని. ఆమె చూసింది. చూసి, పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె నన్ను ప్రేమగానే చూసింది, జ్వరం వస్తే కషాయం కాచింది. నేను అవేవీ కాదనను. ఆ పుల్ల ముందుకు తోయడం కూడా మరిచిపోను.

నేను నాయన వెనక పరిగెత్తాను. అమ్మకు అన్నం పోతోందన్న సంతోషమే నాకు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఆయన చేతిలో మూట చూసి లేచి నిలబడ్డారు. ఒకామె, ఎంత పని చేస్తాండావప్పా అంది. ఆయన వినలేదు. మోకాలి లోతు నీళ్ళలో దాటి రాళ్ళ మీదికి ఎక్కాడు. నేను ఒడ్డునే ఆగాను, దిన్నె అక్కడికి దూరం కాదు. వాళ్ళ మాటలు నాకు వినిపించాయి.

"మీ అన్న పంపించినాడా?" అని అడిగింది మా అమ్మ.

"లేదు. నేనే తెచ్చినా. నువ్వు తిను."

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. "ఇంగ రోంతసేపు ఆగలేకపోతివా?" అని మాత్రం అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. లేదా అర్థమయ్యే ఉంటుంది. తెచ్చిన ముద్ద తినకపోతే అన్నానికి అవమానం. ఆమె తినింది. ఆయనా అదే మూకుట్లో తిన్నాడు. ఇద్దరూ తల వంచుకొని తిన్నారు. దాటుకొని వచ్చారు. అప్పటికే చేనిలో ఎడ్లు కడుతున్నారు.

మా పెదనాయన ఆ తర్వాత బతికినంత కాలం, ఆ ప్రస్తావన వస్తే చాలు, అది మొగుడూ పెళ్ళాల సంగతప్పా, మావాడు పోయి పిల్చుకోనొచ్చినాడు అనేవాడు. అన్నం మొదట తెచ్చింది మా నాయనే కాబట్టి, దిన్నె లెక్క ప్రకారం పెదనాయన మాటే చెల్లింది. ఊరు కూడా అదే నమ్మింది. మా అమ్మ మళ్ళీ విత్తనం ముట్టలేదు. భాగాలు పంచుకున్న తర్వాత మా సొంత చేనిలో కూడా కూలి ఆడవాళ్ళు వేశారు. ఆమె గట్టు మీద నిలబడేది. మా నాయనతో కాపురం చేసింది, పోట్లాడలేదు, ఆయన పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. కానీ ఆయన చేత్తో ఇచ్చింది ఏదైనా వెంటనే తీసుకునేది కాదు. కింద పెట్టమని, తర్వాత తీసుకునేది. బయటివాళ్ళకు అది మడి అనిపించేది.

ఇప్పుడు ఆమె నా దగ్గరే, పావగడలో ఉంటోంది. నడుము వంగింది. మాట మాత్రం తిన్నగానే ఉంది. రామాంజి పంపిన ఫోటో ఆమెకు చూపించి బోర్డు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం దాకా గోడవైపు తిరిగి పడుకుంది. అది చూసిన తర్వాత నేను రామాంజిని వదలలేదు. రోజూ ఫోన్ చేశాను. బోర్డు సంగతి తర్వాత చూద్దాం, మీ నాయన అన్న మాట తప్పని మా అమ్మ ముందు చెప్పు అన్నాను. మొదట ఎప్పటి మాటో ఇప్పుడెందుకన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు వాళ్ళావిడకు చేశాను, కోడలికి చేశాను. చివరికి ఒక ఆదివారం పొద్దున కారు మా గుమ్మం ముందు ఆగింది. రామాంజి చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని, ఏం చెప్పమంటే అది చెప్తా చిన్నమ్మా, సరోజ నన్ను బతకనీయడం లేదు అన్నాడు.

మా అమ్మ, ఈడ చెప్తే చెల్లదు అంది. ఏ చేనిలో అన్నాడో ఆ చేనిలోనే చెప్పాలంది. రామాంజి నా ముఖం చూశాడు. నేను కారెక్కాను.

నాగలమడిక దాటిన తర్వాత రాయచెర్లు వైపు చూస్తే, కనుచూపు మేరా సోలార్ పలకలే. పొద్దుటి ఎండలో బూడిదరంగులో, అన్నీ ఒకే వైపు ముఖం పెట్టుకొని నిలబడి ఉంటాయి. భూములన్నీ సోలార్ కంపెనీకి కౌలుకు ఇచ్చేశారు. మాది కూడా పోయింది, నేనే సంతకం పెట్టాను, ఆ డబ్బుతోనే అమ్మకు మందులు. దాన్ని గురించి ఇక్కడ ఫిర్యాదు చేయను. ఈ ఊళ్ళలో వానను నమ్ముకొని ఎంత ఏడ్చారో నాకు తెలుసు. కంచె దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు ఎక్కడో ఉత్తరాది వాడు. రామాంజి ఎవరికో ఫోన్ చేసి అతనికి ఇచ్చాడు. అతను గేటు తెరిచి, పలకల మధ్య దారి వరకే పొమ్మన్నాడు.

లోపల నేలంతా చదును. గట్టు లేదు, పుట్ట లేదు. పలకల కింద నీడలో ఎండుగడ్డి. మా అమ్మ నా చెయ్యి పట్టుకొని నిలబడింది. రామాంజి నిజంగానే చెప్పడానికి వచ్చాడు. టవలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు కూడా.

"మన చేను యాడుండాది చూపీ చిన్నమ్మా. ఆడికే పోయి చెప్తా," అన్నాడు.

ఆమె చెయ్యి ఎత్తింది. కొంచెం ఎడమకు జరిపింది. వెనక్కి తిరిగి కొండ ఎక్కడుందో చూసుకొని, మళ్ళీ ఎత్తింది. నేను కూడా వెతికాను. చింతచెట్టు లేదు, బావి పూడ్చేశారు, నల్లగుండు ఏ రోడ్డు కింద కంకర అయిందో. ఒక వరుస, దాని తర్వాత అచ్చం అలాంటిదే ఇంకొక వరుస. అన్నేళ్ళు కళ్ళు మూసుకొని చెప్పగలను అనుకున్నదాన్ని, కళ్ళు తెరుచుకొని చెప్పలేకపోయాను. ఆమె చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"యాడో ఒగ చోట అనుకో చిన్నమ్మా. అంతా మన భూమే గదా," అన్నాడు రామాంజి.

"యాడో ఒగ చోట అనలేదప్పా మీ నాయన," అంది మా అమ్మ.

అతను టవలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. అక్కడే నిలబడి, గాలిలోకి, మా నాయన అనింది తప్పు అని ఒకసారి చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడని నేను ఒప్పుకుంటాను. మా అమ్మ వినలేదు. వినిపించలేదని కాదు. గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

దిన్నెకు పోదామని ఆమే అడిగింది. ఏరు ఎండి ఉంది. ఇప్పుడు ఒడ్డు నుంచి దిన్నె దాకా సిమెంటు దారి వేశారు. ఆ దారి లేకపోతే ఆమె ఎక్కగలిగేది కాదు, అదీ నిజమే. పైన బెంచీలు, చిప్స్ కవర్లు, రాళ్ళ మీద పెయింటుతో రాసిన పేర్లు. ఊరివైపు అంచు మాత్రం ఎవరూ జోలికి పోని పాత రాయే. ఆమె బెంచీ మీద కూర్చోలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ అంచు దాకా పోయి, నెర్రె పక్కన ఒక గుండు మీద, ఊరివైపు ముఖం పెట్టి కూర్చుంది. రామాంజి కారు తాళం వేలికి తిప్పుకుంటూ బోర్డు దగ్గర నిలబడ్డాడు.

ఒక జంట ఫోటోలు తీసుకుంటోంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఉన్నారు. మడకశిర వైపు నుంచి వచ్చారట. ఆ అమ్మాయి మా అమ్మను చూసి దగ్గరికి వచ్చి, మర్యాదగా, దీనికి శాంతి దిన్నె అని ఎందుకు పేరు పెట్టారవ్వా అని అడిగింది.

"అది బోర్డు పేరు," అంది మా అమ్మ. "దీని పేరు అలిగినోళ్ళ దిన్నె."

ఆ అమ్మాయి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, ముచ్చటపడిన నవ్వు. "ఎవరు అలిగినారవ్వా?"

"నేను," అంది మా అమ్మ. "ఇంగా తీరలేదు."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. భర్త వైపు చూసింది. రామాంజి తాళం తిప్పడం ఆపాడు. ఎండ ముదురుతోందని, అన్నం వేళ అయిందని, పోదాం రమ్మని అక్కడి నుంచే పిలిచాడు. మా అమ్మ తిరిగి చూడలేదు. మీరు పోండప్పా అంది. అతను ఇంకొకసారి పిలిచాడు, ఈసారి నన్ను. నేను చెప్పులు విప్పి, రాయి కాలుతున్నా, ఆమె పక్కన నేనూ ఊరివైపు ముఖం పెట్టి కూర్చున్నాను.